వాతాపిని చివరికి నెట్టిన కచేరీ: ఒక కేస్ స్టడీ

ముందు కేసు ఏంటో చెప్తా. కోస్తాలో ఒక ఊరి సాంస్కృతిక సంస్థ వాళ్ళు కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితార్ కృతులు మాత్రమే పాడే ఒక సాయంత్రం పెట్టుకుందామని నన్ను అడిగారు. టైము రెండు గంటలు, పక్కన వయొలిన్, మృదంగం. ఘటం పెట్టే బడ్జెట్ లేదు, పర్లేదు. కార్యదర్శి గారు ఫోన్లో పెట్టిన షరతు ఒక్కటే, "వాతాపి ఉండాలమ్మా, మిగతావి మీ ఇష్టం."

ఆ "మిగతావి" అన్న మాట పట్టుకుని నేను చాలాసేపు నవ్వుకున్నా. ఎందుకంటే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో దీక్షితార్ కృతులే 229 ఉన్నాయి, బయట ఆయన పేరు మీద చెలామణీ అయ్యేవి ఇంకా బోలెడు, అందులో తిరువారూరు అమ్మవారు కమలాంబ మీద నవావరణ కీర్తనలు ఉన్నాయి, నవగ్రహాల మీద ఉన్నాయి, కాశీలో ఉండి విన్న ధ్రుపద్ (పాత హిందుస్తానీ గాన పద్ధతి) వాసన ఉన్న ద్విజావంతి రాగం కృతులు ఉన్నాయి, ఇవన్నీ కలిపి ఒక పక్కన "మిగతావి", ఇంకో పక్కన వాతాపి. కార్యదర్శి గారిని తప్పు పట్టట్లేదు. మన దగ్గర దీక్షితార్ పేరు వినని ఇంట్లో కూడా వాతాపి గణపతిం పల్లవి వస్తుంది. నా దగ్గర పాఠం మొదలుపెట్టడానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, ఎప్పటికి వాతాపి పాడుతుంది మేడం అని.

సంగీతంలో ఇది కొత్త విషయమేం కాదు. ఎవరికి ఏ పాటతో పేరొచ్చిందో అది వాళ్ళ గొప్ప పాట కాకపోవడం అన్నది ఎక్కడ చూసినా ఉంది. రష్యన్ పియానిస్ట్ రఖ్మనినోవ్ 1892లో పందొమ్మిదేళ్ళ వయసులో సి షార్ప్ మైనర్‌లో ఒక చిన్న ప్రెల్యూడ్ రాశాడు, మూడే మూడు స్వరాల ఎత్తుగడ, గంట కొట్టినట్టు దిగుతుంది, ఒకసారి వింటే పోదు. తర్వాత ఆయన రాసిన కాన్సర్టోలు ఎక్కడ, ఇదెక్కడ, కానీ జీవితాంతం ఏ ఊరెళ్ళినా జనం చివర్లో అది వాయించే దాకా వదల్లేదు, పాపం ఆయనకి అదంటేనే విసుగొచ్చేసింది. ఆయన గోడు పక్కన పెడదాం, నాకు తెలిసిన కేసు వాతాపి, ఎందుకంటే అది నా గొంతులో ఉంది, ఎక్కడ ఏం జరుగుతుందో విప్పి చూపించగలను.

ముందే ఒకటి చెప్పాలి, లేకపోతే కామెంట్లలో కొట్టుకుంటారు. వాతాపి చెడ్డ కృతి అని నేను అనట్లేదు. సాహిత్యం చూడండి, చరణంలో "పరాది చత్వారి వాగాత్మకం" అంటాడు, పరా పశ్యంతీ మధ్యమా వైఖరీ అని వాక్కుకి నాలుగు దశలు ఒక్క సమాసంలో పెట్టేశాడు, "మూలాధార క్షేత్రస్థితం" అని గణపతిని శరీరంలో కూర్చోబెట్టాడు, చివర్లో "హంసధ్వని భూషిత హేరంబం" అని రాగం పేరు దేవుడికి నగలా తొడిగాడు. ఇది చెయ్యి తిరిగిన వాడి పనే. కానీ పందిట్లో, స్కూల్ వార్షికోత్సవంలో, పెళ్ళి మేళంలో జనం వినేది ఈ చరణం కాదు. నిజం చెప్పాలంటే చాలామందికి చరణం ఉందనే తెలీదు. వాళ్ళకి వాతాపి అంటే పల్లవి, ఆ పల్లవి మీద మెట్లు మెట్లుగా ఎక్కే సంగతులు. "వాతాపి గణపతిం భజేహం" అని సాదాగా ఒకసారి, కొంచెం మెలిక తిప్పి ఒకసారి, ఇంకాస్త పైకెళ్ళి ఒకసారి, అలా పెంచుకుంటూ పోయి చివరికి గిర్రున తిరిగి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, దిగడం. చప్పట్లు పడేది అక్కడ.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ సంగతులు దీక్షితార్‌వి కావు.

ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయిన పుస్తకం, తమిళ దేశంలో పుట్టినా మనం సుఖంగా చదువుకోగలం, ఇప్పుడు నెట్‌లో ఉచితంగానే దొరుకుతోంది, కాబట్టి నా మాట నమ్మక్కర్లేదు, తీసి చూడండి. సుబ్బరామ దీక్షితులు అంటే ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్‌కి మనవడు, ఆయనే దత్తత తీసుకుని పెంచాడు, ఇంట్లో పాడిన పద్ధతి తెలిసిన మనిషి. అందులో వాతాపి స్వరపరిచి ఉంది. ఈరోజు మనం వినే ఆ సంగతుల మెట్లు అందులో లేవు. లైన్ వస్తుంది, వెళ్తుంది, గమకాల (స్వరాన్ని ఊపి, జార్చి పాడటం) గుర్తులు ఉంటాయి, అంతే. మొదటిసారి పుస్తకం చూసి పాడిన ఏ విద్యార్థి అయినా "ఇంతేనా" అంటుంది.

మరి అవి ఎక్కణ్ణించి వచ్చాయి? సంప్రదాయంలో అందరూ చెప్పే పేరు మహా వైద్యనాథయ్యర్, 1844లో పుట్టి 1893లో పోయాడు, 72 మేళకర్తల్లో (తల్లి రాగాల్లో) రాగమాలిక చేసినాయన, పెద్ద గాత్రం, వేగం, జనాన్ని ఊపేసే కచేరీ మనిషి. ఆయన కచేరీ వాతాపితో మొదలుపెట్టేవాడని, సంగతులు పేర్చింది ఆయనేనని చెప్తారు. ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, అంటే సాక్షాత్తు త్యాగరాజు శిష్యుడు. మనం పిల్లలకి నేర్పే హంసధ్వని వర్ణం "జలజాక్ష" కూడా ఆ వెంకటసుబ్బయ్య గారిదే. ఇప్పుడు గీత కలపండి. సంగతి అన్న పద్ధతిని కృతికి ప్రాణంలా చేసింది త్యాగరాజు. ఆ శిష్య పరంపరలో, హంసధ్వని బాగా నలిగిన ఇంట్లో తయారైన గాయకుడు, దీక్షితార్ కృతిని తీసుకుని త్యాగరాజ పద్ధతిలో మేడ కట్టాడు. అంటే దీక్షితార్ కృతుల్లో అన్నిటికంటే పేరొచ్చింది ఏదయ్యా అంటే, అన్నిటికంటే తక్కువ దీక్షితార్‌లా వినిపించేది.

రాగం కూడా ఆయన సొంతం కాదు, వాళ్ళ నాన్న రామస్వామి దీక్షితార్ కనిపెట్టాడంటారు. అది పెద్ద విషయం కాదులెండి, ఇంటి ఆస్తే.

ఇది నాకు ఎప్పటినుంచో తెలిసినా, కచేరీకి ప్రోగ్రామ్ వేసుకోడానికి కూర్చున్నప్పుడు మాత్రం వేరేలా తగిలింది. దీక్షితార్ సాయంత్రం అని బ్యానర్ కట్టి, ఆయన పద్ధతి అతి తక్కువ ఉన్న పాటని ఆయన గుర్తుగా ఎదురుపెట్టడం ఏంటి అనిపించింది. అందుకని ప్లాన్ మార్చాను: వాతాపి ఉంటుంది, షరతు షరతే, కానీ మొదట్లో కాదు, చివర్లో, అదీ ప్రదర్శిని పాఠాంతరంలో, సంగతుల మేడ లేకుండా, కాలప్రమాణం తగ్గించి. దానికి ముందు మెయిన్‌గా భైరవిలో "బాలగోపాల". అలా పక్కపక్కన పెడితే వినేవాళ్ళకి ఏం తెలుస్తుందో చూద్దాం.

బాలగోపాలే ఎందుకు అంటే, పోల్చడానికి అది సరిగ్గా సరిపోతుంది. రెండూ ఆది తాళం, రెండింట్లోనూ చివర మధ్యమకాలం (కాలం రెట్టింపయ్యే భాగం) ఉంది, రెండింట్లోనూ గురుగుహ ముద్ర, అంటే పాటలో ఆయన సంతకం, ఉంది. కానీ ముద్ర వచ్చే చోటు చూడండి. వాతాపిలో "హరాది గురుగుహ తోషిత బింబం" అని పద్ధతి ప్రకారం వచ్చి పోతుంది. బాలగోపాలలో "వైణిక గాయక గురుగుహనుత" అంటాడు, వీణ వాయించేవాడు, పాడేవాడు అయిన గురుగుహుడు పొగిడిన వాడా అని కృష్ణుణ్ణి పిలుస్తాడు. ఆయన వీణ మనిషి, ఆ సంగతి పాటలో చెప్పుకున్నాడు, పైగా ఆ లైన్ ఎలాంటి చోట చెప్పాడంటే, వీణ మీద తీగ లాగినట్టు స్వరాన్ని లాగితే తప్ప పాడలేని సంగీతం చివర్లో.

భైరవి అంటే పాడేవాళ్ళకి తెలుసు. రెండు ధైవతాలు, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకోటి, గాంధారం ఒక్కచోట నిలబడదు, మధ్యమం వైపు ఊగుతూ వస్తుంది, నిషాదం కూడా అంతే. బాలగోపాల చౌక (నెమ్మది) కాలంలో ఆ ఊపుని అక్షరం అక్షరానికీ వాడుకుంటుంది. "నీల నీరద శరీర ధీరతర" అన్నప్పుడు సాహిత్యంలో అన్నీ ర, న శబ్దాలే, గట్టిగా తట్టుకునే అక్షరం లేదు, స్వరం కూడా ఎక్కడా తెగకుండా ఒక జారు నుంచి ఇంకో జారులోకి వెళ్తుంది. అలా పాడుతూ పాడుతూ "లీలయా గోపవేషధర మురళీధర" దగ్గర కాలం రెట్టింపు అవుతుంది. ఆ రెట్టింపు వేగం కోసం పెట్టింది కాదు, అప్పటిదాకా కట్టి ఉంచినదాన్ని వదలడం. సంగతులతో పైకెక్కించడం ఒక పద్ధతి, సాహిత్యంలోనే కాలాన్ని మార్చి పైకెక్కించడం దీక్షితార్ పద్ధతి. వాతాపిలో కూడా అనుపల్లవి చివర "వీతరాగిణం వినుతయోగినం" అని అదే పని చేశాడు, కానీ అప్పటికే సంగతులు చెవిని నింపేసి ఉంటాయి కాబట్టి ఆ మధ్యమకాలం వచ్చినట్టే తెలీదు. ఆయన కట్టిన గుమ్మం, తర్వాత కట్టిన మేడ వెనక్కి పోయింది.

నేను పిల్లల దగ్గర ఒక పరీక్ష పెడుతుంటా. కృతి నుంచి పేరు, ముద్ర, సాహిత్యం తీసేసి ఉత్త అకారంతో పాడితే ఎవరిదో చెప్పగలరా? బాలగోపాల అయితే కాస్త చెవి ఉన్నవాళ్ళు రెండు ఆవర్తాల్లో చెప్పేస్తారు. వాతాపికి ఈ పరీక్ష పెట్టడమే కుదరదు, వాతాపి తెలియని మనిషి దొరకాలి కదా. కానీ ఒకవేళ దొరికితే, ఆ సంగతులు విని త్యాగరాజు అనే అంటాడని నా నమ్మకం. నా లెక్కలో "బెస్ట్" అంటే ఇదే, ఇంకెవరూ చెయ్యలేనిది, చేసినవాడి చెయ్యి సంతకం లేకుండానే కనిపించేది. బెస్ట్ అంటే జనానికి నచ్చిందే కదా అనేవాళ్ళతో నాకు గొడవ లేదు, వాళ్ళు వేరే ప్రశ్నకి జవాబు చెప్తున్నారు.

మరి పేరెందుకొచ్చింది? ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఆ సంగతులు ఒక్కటే కారణం కాదు.

ఒకటి, చోటు. అరియక్కుడి రామానుజయ్యంగార్ (1890–1967) వేసిన బాటలో ఈరోజుకీ కచేరీ నడుస్తోంది, ముందు వర్ణం, తర్వాత చురుకైన చిన్న కృతులు, మధ్యలో మెయిన్, చివర్లో తుక్కడాలు (తేలికపాటి చిన్న పాటలు). ఆ మొదటి చోట గొంతు ఇంకా వేడెక్కదు, మైక్ సెట్ వాడు ఇంకా వైర్లు పీకుతుంటాడు, మృదంగం శ్రుతి ఇంకా కుదరలేదు, మొదటి వరసలో పెద్దమనిషికి ఎవరో పూలగుచ్ఛం ఇస్తుంటారు. ఆ గందరగోళంలో పాడినా చెడిపోని పాట కావాలి. హంసధ్వని దానికి దేవుడిచ్చిన రాగం, సరిగపని అని ఐదే స్వరాలు, మధ్యమం లేదు, ధైవతం లేదు, స్వరానికి స్వరానికి మధ్య ఖాళీ ఎక్కువ, కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా ఆకారం పోదు. బాలగోపాలని ఆ చోట పెడితే గాయకుడి పరువు పోతుంది. ప్రతి కచేరీలో మొదట వినిపించే పాట సహజంగానే ఎక్కువసార్లు వినిపిస్తుంది, ఎక్కువసార్లు వినిపించింది గొప్పదనిపిస్తుంది.

ఇంకోటి, వాయిద్యాలు. పెళ్ళిలో శాక్సఫోన్ వాడు, స్కూల్లో కీబోర్డ్ వాయించే సారు, అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడే అమ్మాయి, అందరూ హంసధ్వనిని మోయగలరు. కీబోర్డ్ మీద భైరవి గాంధారం ఒక మీట కింద చచ్చి పడి ఉంటుంది, హంసధ్వని మాత్రం బతికే ఉంటుంది. దీక్షితార్ పాటల్లో పిల్లలకి రెండో ఫేమస్ ఏంటో చూడండి, నొట్టుస్వరాలు, "శ్యామళే మీనాక్షి" లాంటివి, ట్వింకిల్ ట్వింకిల్ ట్యూన్. తెల్లవాళ్ళ బ్యాండ్ ట్యూన్లకి సరదాగా సంస్కృతం కట్టినవి. గమకం ఎంత తక్కువైతే అంత దూరం వెళ్ళింది ఆయన పేరు, గమకమేమో ఆయన ప్రాణం.

సందర్భం గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. వినాయకుడి పాట, ఏ పని మొదలుపెట్టినా పనికొస్తుంది. 1957లో వచ్చిన వినాయక చవితి సినిమాలో ఘంటసాల గారు పాడాక తెలుగునాట చవితి పందిళ్ళకి అది జాతీయగీతం అయిపోయింది, పొద్దున్నే మైకులో మొదటి పాట అదే, తొమ్మిది రోజులూ అదే. దానికితోడు వాతాపి అన్న పేరు మనకి ఉగ్గుపాలతోనే తెలుసు, పాపకి అన్నం పెట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనని ఇల్లుందా? పాటలో ఆ రాక్షసుణ్ణి అరిగించుకున్న అగస్త్యుడు కూడా ఉన్నాడు, "పురా కుంభసంభవ మునివర ప్రపూజితం" అని, చరణం మొదట్లోనే. (ఇంకో కథ, పల్లవ సేనాని బాదామిని (దాని పాత పేరు వాతాపి) కొట్టి అక్కణ్ణించి విగ్రహం తెచ్చాడని, తిరువారూరు దగ్గర తిరుచెంగాట్టంగుడిలో పెట్టాడని చెప్పుకుంటారు. కథ బావుంటుంది, చరిత్రకారులు ఒప్పుకోరు.)

గ్రామఫోన్ రికార్డుల సంగతి కూడా మర్చిపోవద్దు. పాత 78 రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలు. పల్లవి, నాలుగు సంగతులు, అనుపల్లవి, ఒక ముక్క చరణం, సరిపోతుంది. బాలగోపాలని ఆ ప్లేటులో ఎక్కించాలంటే గొంతు పిసకాలి.

ఇవన్నీ కలిపి చూస్తే ఒక విషయం కనబడుతుంది. వాతాపికి పేరు తెచ్చిన గుణాలు, అంటే ఎవరైనా మోయగలగడం, ఎక్కడైనా సరిపోవడం, ముక్కలు చేసినా బతకడం, దీక్షితార్‌ని దీక్షితార్ చేసిన గుణాలకి సరిగ్గా ఎదురు. ఆయన గొప్ప కృతులన్నీ చోటు అడుగుతాయి, టైము అడుగుతాయి, గొంతు అడుగుతాయి, ముక్క తీస్తే కూలిపోతాయి. నవావరణాల్లో ఎనిమిదోది ఘంటా రాగం, తొమ్మిదోది ఆహిరి, ఆ రెండూ వరసగా ఒకళ్ళు సరిగ్గా పాడగా వినండి, తర్వాత కాసేపు ఇంకేం వినబుద్ధి కాదు. అలాంటిది పందిరికి ఎలా ఎక్కుతుంది?

త్యాగరాజు, దీక్షితార్‌ల పక్కన త్రిమూర్తుల్లో మూడో ఆయన శ్యామశాస్త్రిది ఇంకో బాధ. ఆయనకి అసలు వాతాపి లాంటి పాటే లేదు. భైరవి స్వరజతి "కామాక్షి" ఉంది, ఆయన పనిలో అత్యుత్తమమూ అదే, బాగా తెలిసినదీ అదే, ఎంత అదృష్టం అనుకుంటాం, కానీ తెలిసింది సంగీతం నేర్చుకునేవాళ్ళకి మాత్రమే. రోడ్డు మీద ఎవర్నైనా ఆపి త్రిమూర్తుల్లో మూడో ఆయన పాట ఒకటి పాడమంటే నోరు తెరవరు. కాబట్టి వాతాపి లేకపోతే దీక్షితార్‌కి న్యాయం జరిగేది అని కూడా నేను అనను.

రిహార్సల్ సంగతికి వద్దాం. వయొలిన్ అబ్బాయి ప్రదర్శిని పాఠాంతరం వినగానే ఇష్టపడ్డాడు, కొత్తగా ఉందక్కా అన్నాడు. మృదంగం ఆయన మాత్రం మొహం ముడుచుకున్నాడు, ఆయన బాధ ఆయనది, వాతాపిలో ఆ సంగతులకి ఎక్కడెక్కడ ఏ మోహరా (ముగింపు దరువు) వెయ్యాలో చిన్నప్పట్నించీ చేతికి అలవాటు, అవి తీసేస్తే నేనేం వాయించనమ్మా అన్నాడు. "వాయించకండి, ఊరికే నడవండి" అన్నా. అది మృదంగ విద్వాంసుడితో అనాల్సిన మాట కాదనుకోండి, కానీ పాపం సర్దుకున్నాడు. నెమ్మదిగా అంటే ఎంత నెమ్మది అన్నది నా నిర్ణయమే, నెమ్మది వాతాపి ఎంత బరువుగా ఉండగలదో వినాలంటే ఎం.డి. రామనాథన్ గారిది ఉంది, ఆయన సంగతులు ఉంచుకునే ఏనుగు నడకలో నడిపించారు, ఆ ధైర్యం ఆ గొంతుకే చెల్లింది.

కచేరీ గౌళలో "శ్రీ మహాగణపతిరవతు మాం"తో మొదలుపెట్టా. వినాయకుడు ఉన్నాడు, దీక్షితార్ ఉన్నాడు, వాతాపి లేదు. రెండో వరసలో చిన్న కదలిక, అంతే. తర్వాత పున్నాగవరాళిలో "ఏహి అన్నపూర్ణే", ద్విజావంతిలో "చేతః శ్రీ బాలకృష్ణం". నేను భయపడింది ద్విజావంతి దగ్గర, నెమ్మదిగా సాగుతుంది కదా, కానీ అది హాయిగా అందింది, మన చెవికి సినిమాల్లోంచీ హిందుస్తానీలోంచీ జైజైవంతి (ద్విజావంతికి హిందుస్తానీ జోడు) ఛాయ పరిచయమే కాబట్టి పట్టుకోడానికి ఏదో దొరికింది. ఇది గమనించాల్సిన విషయం, జనానికి నెమ్మది అంటే పడదు అనేది అబద్ధం, పట్టుకోడానికి ఏమీ దొరక్కపోతేనే కష్టం.

బాలగోపాల దగ్గర హాలు రెండుగా చీలింది. భైరవి ఆలాపన దాకా అందరూ ఉన్నారు, చౌకంలో పల్లవి మొదలయ్యాక వెనక వరసలు పల్చబడ్డాయి, బయట టిఫిన్ పెడుతున్నారని నాకు తర్వాత తెలిసింది, ఉప్మాతో పోటీ పడే శక్తి భైరవికి లేదు, ఇంకే రాగానికీ లేదు. ఉన్నవాళ్ళు మాత్రం కదల్లేదు. "వైణిక గాయక" దగ్గర నెరవల్ (ఒకే లైన్‌ని రకరకాలుగా పెంచి పాడటం) చేద్దామని ముందు అనుకున్నా గానీ అక్కడ మధ్యమకాలం పరుగు ఆపడం ఇష్టం లేక వదిలేసి, "నీల నీరద" దగ్గర చేశా. తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) అయ్యాక జనం మళ్ళీ లోపలికొచ్చారు.

అప్పుడు వాతాపి ఎత్తుకున్నా. మొదటి "వాతాపి" అనగానే హాలంతా నిటారుగా కూర్చుంది, కొంతమంది చేతులు తాళానికి లేచాయి. మొదటి లైన్ అయ్యింది, రెండోసారి అదే లైన్ మామూలుగా వచ్చింది, మూడోసారి పైకెక్కుతుందని ఎదురుచూస్తుంటే నేను అనుపల్లవికి వెళ్ళిపోయా. వేదిక మీంచి ఆ మొహాలు చూడాల్సిందే, మెట్టు ఉందనుకుని కాలేసినట్టు. అయితే "వీతరాగిణం" మధ్యమకాలం వచ్చినప్పుడు మాత్రం అది తగలాల్సిన చోట తగిలింది, ముందు ఏమీ పరిగెత్తలేదు కాబట్టి ఇప్పుడు పరుగు పరుగులా వినబడింది. చరణం పూర్తిగా పాడా. "నిరంతరం నిటిల చంద్రఖండం" దగ్గర వయొలిన్ అబ్బాయి నావైపు చూసి తలూపాడు.

అయిపోయాక కార్యదర్శి గారు శాలువా కప్పుతూ మెల్లగా అన్నారు, "బాగా పాడారమ్మా, కానీ… మా వాతాపి లాగా లేదు."

"మా" అన్నారు చూశారా. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సంగతులున్న ఆ వాతాపి దీక్షితార్‌ది అన్నది ఎంతవరకో గానీ, వాళ్ళది మాత్రం ఖాయం, చవితి పందిట్లో చిన్నప్పుడు నిద్ర లేపింది, పెళ్ళిలో బాసికం కట్టేటప్పుడు వినబడింది, కూతురు స్కూల్ స్టేజీ ఎక్కి పాడింది. నేను ఆ కచేరీలో వాళ్ళకి దీక్షితార్‌ని చూపిద్దామనుకుని వాళ్ళ వాతాపిని తీసుకున్నా. ఇద్దరం న్యాయంగానే ఉన్నాం, ఇద్దరికీ ఒకే పాట మీద హక్కు ఉండటమే చిక్కు. మెట్ల దగ్గర ఇంకొకాయన పట్టుకుని "ఆ కృష్ణుడి పాట ఏ రాగమండీ, నెమ్మదిగా పాడారే" అని అడిగి చేతి మీద భైరవి అని రాసుకున్నాడు. ఆయన టిఫిన్‌కి లేవని వాళ్ళలో ఒకడు అయ్యుండాలి.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి రెండు ఉన్నాయి. క్లాసులో ఇప్పుడు వాతాపి రెండు పాఠాలుగా చెప్తున్నా, ముందు ప్రదర్శినిలో ఉన్నట్టు, చరణంతో సహా పూర్తిగా, అది నిలబడ్డాకే సంగతులు, అదీ ఇవి ఎవరివో పేరు చెప్పి. పిల్లలు దీనికి ఏమాత్రం గొడవ పెట్టరు, గొడవంతా తల్లిదండ్రులదే, ఇంకా సంగతులు రాలేదేంటి మేడం, పక్కింటి పాపకి వచ్చేశాయి అని. ఒక తెలివైన పిల్ల అయితే రెండూ నేర్చుకున్నాక సంగతులన్నీ పాడి, చివరికి "వీతరాగిణం" దగ్గర కావాలని కాలం కాస్త బిగించి పట్టుకుంది, ఆ గుమ్మం మళ్ళీ కనబడింది, నేను చెప్పలేదు, తనంతట తనే.

కచేరీల్లో మాత్రం వాతాపిని ఇక చివరికి నెట్టను. మొదట్లోనే పాడతా, సంగతులతోనే, చరణం మాత్రం వదలను. దాంతో హాలు నా చేతిలోకి వస్తుంది, ఆ అప్పుని మెయిన్‌లో వాడుకుంటా, అప్పుడు భైరవో ఘంటో ఏదైనా మోయగలిగినంత ఓపిక ఇస్తారు. టిఫిన్ ఏ టైముకో ముందే కనుక్కుంటా, అది అన్నిటికంటే ముఖ్యం. చవితి పందిళ్ళకి ఈ ఏడాది కూడా పిలిచారు, అక్కడ మామూలు వాతాపే, ఫుల్ స్పీడు, బాలగోపాల లాంటివి పెట్టుకుంటే పక్కన జనరేటర్ చప్పుడుకే కొట్టుకుపోతాయి.